నలభై గ్రాములకు పదేళ్లా?

ప్రశ్న: మాది మదనపల్లె. మా అబ్బాయి బెంగళూరులో ఇంజనీరింగ్ ఆఖరి సంవత్సరం, మారతహళ్లిలో పీజీలో ఉంటాడు. పోయిన నెల ఒక రాత్రి పోలీసులొచ్చి వాడి బ్యాగులో 40 గ్రాముల గంజాయి దొరికిందని కేసు పెట్టారు. అరెస్టు చేయలేదు, నోటీసిచ్చి పంపారు. పదేళ్లు లోపలే అని ఒకరు, తప్పు ఒప్పుకుని ఫైన్ కట్టేస్తే పోతుందని ఒకరు, రెండు లక్షలిస్తే కేసే లేకుండా చేస్తానని ఇంకొకరు. పీజీ ఓనరు సామాను బయట పెట్టేశాడు. మా తాతల కాలంలో తిరునాళ్లలో బైరాగులు అందరి ముందే గంజాయి తాగేవాళ్లు, ఇప్పుడిది ఇంత నేరం ఎలా అయింది? ఏం చేయాలో తోచడం లేదు. - ఒక తల్లి

జవాబు: అమ్మా, ముందు ఆ పదేళ్ల భయం వదిలేయండి. ఎన్‌డీపీఎస్ అనే మత్తుమందుల చట్టంలో శిక్షను తేల్చేది తూకం. గంజాయి కిలో లోపు ఉంటే స్మాల్ క్వాంటిటీ, 20 కిలోలు దాటితే కమర్షియల్. కమర్షియల్‌కి పదేళ్ల నుంచి ఇరవై ఏళ్లు, మధ్యలో ఉన్నదానికి పదేళ్ల దాకా, స్మాల్‌కి మాత్రం గరిష్ఠంగా ఒక ఏడాది, లేదా 10 వేల రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. మీ అబ్బాయి బ్యాగులో ఉందంటున్నది కిలోలో ఇరవై ఐదో వంతు. అందుకే అరెస్టు చేయకుండా నోటీసిచ్చారు, ఏడేళ్ల లోపు శిక్ష పడే కేసుల్లో మామూలుగా జరగాల్సింది అదే, పోలీసులు చేసిన దయేమీ కాదు. కాకపోతే నోటీసులో రాసిన రోజున వెళ్లకపోతే అప్పుడు అరెస్టు చేయొచ్చు.

మరి ఈ పదేళ్లు అందరి నోళ్లలో ఎలా నానుతోందంటే, అది పాత చట్టం తాలూకు జ్ఞాపకం. మీ తాతగారు చూసింది నిజమే. బ్రిటిష్ వాళ్ల హయాంలో గంజాయికి లైసెన్సు దుకాణాలుండేవి, పన్ను ఖజానాకి పోయేది. 1893లో దీని మీద ఒక కమిషన్ కూడా వేశారు, వాళ్లు వెయ్యి మందికి పైగా సాక్షుల్ని విచారించి, మితంగా వాడితే పెద్ద హాని లేదు, పూర్తిగా నిషేధించే బదులు పన్నుతో, లైసెన్సుతో అదుపులో పెట్టుకోండని రాసిచ్చారు. 1961లో అంతర్జాతీయ ఒప్పందం వచ్చాక గంజాయిని ఆపడానికి మన దేశానికి పాతికేళ్ల గడువు దొరికింది. భంగు మాత్రం తప్పించుకుంది, ఎందుకంటే ఆ ఒప్పందంలో పూత కొనలనే లెక్కలోకి తీసుకున్నారు, విడి ఆకుల్ని వదిలేశారు. మన చట్టమూ అదే రాసుకుంది. బెంగళూరులోనే భంగు ప్యాకెట్లతో పట్టుబడిన ఒకతని కేసులో కర్ణాటక హైకోర్టు 2022లో భంగు ఈ చట్టం కిందికి రాదని బెయిలిచ్చింది. ఒకే మొక్క, ఆకు అయితే శివరాత్రి ప్రసాదం, పూత అయితే జైలు.

గడువు దగ్గర పడ్డాక 1985 ఆగస్టులో బిల్లు పెట్టారు, సెప్టెంబరులో సంతకమైంది, నవంబరు 14న అమల్లోకొచ్చేసింది. అంత పెద్ద చట్టానికి మూడు నెలలు పట్టలేదు. హెరాయిన్, చరస్ లాంటివైతే ఎంత దొరికినా కనీసం పదేళ్లు, గంజాయికి ఐదేళ్ల దాకా. జనానికి గుర్తుండిపోయింది ఆ పదేళ్లే. సొంతానికి కొద్దిగా పెట్టుకున్నానంటే తక్కువ శిక్ష ఉండేది, కానీ సొంతానికేనని రుజువు చేసుకోవాల్సిన బాధ్యత పట్టుబడినవాడిదే. 1989లో బెయిల్ ఇంకా బిగించారు, రెండోసారి పెద్ద మొత్తంతో దొరికితే ఉరి అన్నారు. జైళ్లన్నీ పొడి పొట్లాల వాళ్లతో నిండి, అసలు వ్యాపారులు బయట తిరుగుతున్నారని తెలిసొచ్చాక 2001లో తూకం ప్రకారం శిక్షలు విడదీశారు. చట్టం మారి పాతికేళ్లవుతున్నా స్టేషన్ గుమ్మం దగ్గర, బంధువుల ఫోన్లలో ఇంకా 1985 నడుస్తోంది. మీలాంటి వాళ్ల దగ్గర రెండు లక్షలు అడిగేవాడి పెట్టుబడి కూడా ఆ భయమే. ఇవ్వకండి. ఎఫ్ఐఆర్ అయిన కేసుని ఏ మధ్యవర్తీ మాయం చేయలేడు, మీ మీద లంచం కేసు ఒకటి అదనంగా పడుతుంది.

ఈ చట్టం దెబ్బ ఇంకెవరికి తగిలిందో కూడా చెప్పాలి. క్యాన్సర్ నొప్పికి వాడే మార్ఫిన్‌కి ఒక్కో రాష్ట్రంలో ఒక్కో లైసెన్సు, ఆసుపత్రులు ఆ తలనొప్పి పడలేక తెప్పించడమే మానేశాయి. మధ్యప్రదేశ్, రాజస్థాన్, యూపీల్లో ప్రభుత్వమే లైసెన్సిచ్చి నల్లమందు పండిస్తున్న దేశంలో ఇదీ పరిస్థితి, సర్దడానికి 2014 దాకా పట్టింది. మన విశాఖ ఏజెన్సీ చూడండి, 2021, 22ల్లో వేల ఎకరాల తోటలు నరికారు, అనకాపల్లి దగ్గర లక్షల కిలోలు తగలబెట్టారు. నేను కోర్టు వరండాల్లో చూసేది మాత్రం ఎక్కువగా మోసినవాళ్లనే, నాలుగు వేలకో ఐదు వేలకో బ్యాగు పట్టుకుని రైలెక్కిన కుర్రాళ్లని. సరుకు కొన్నవాడి పేరు చార్జిషీటులో "పరారీ" అనే ఒక్క మాటగా మిగులుతుంది.

సరే, మీ కేసు. మహజర్ కాపీ, అదే మన పంచనామా, మొదట సంపాదించండి. గదిలో ఎంతమంది ఉంటారు, బ్యాగు ఏ మంచం కింద దొరికిందని రాశారు, అది మీవాడిదే అనడానికి అందులో ఏముంది, ఇవి చూడాలి. సూర్యాస్తమయం తర్వాత వారెంట్ లేకుండా గదిలోకొస్తే ఎందుకు రావాల్సి వచ్చిందో అధికారి ముందే కారణం రాసిపెట్టాలి. జేబులు వెతికారా? అయితే గెజిటెడ్ అధికారి ముందు గానీ మేజిస్ట్రేట్ ముందు గానీ వెతికించుకునే హక్కుందని ముందే చెప్పి ఉండాలి, ఒక్క బ్యాగే చూస్తే ఈ నియమం రాదు. తెల్లకాగితం మీద ఏదైనా ఒప్పుకోలు రాయించుకున్నారా అని అబ్బాయిని విడిగా, తిట్టకుండా అడగండి. రాసిచ్చినా కొంప మునగదు, పోలీసులకిచ్చిన ఒప్పుకోలు సాక్ష్యం కాదు. ఎన్‌సీబీ అనే కేంద్ర డ్రగ్స్ నిరోధక సంస్థ అధికారులకిచ్చినా చెల్లదని 2020లో సుప్రీంకోర్టు తేల్చింది, అది చెన్నైలో పట్టుబడిన తూఫాన్ సింగ్ కేసు.

తప్పు ఒప్పుకుని ఫైన్ కట్టేయమన్న సలహా ఉంది చూశారూ, నాకు అన్నిటికన్నా అదే భయం. ఐదు వేలో పది వేలో కట్టి మధ్యాహ్నానికల్లా ఇంటికొచ్చేస్తారు, నిజమే, కానీ అది శిక్ష పడినట్టే. రేపు ఎంఎస్‌కి అమెరికా వెళ్లాలంటే డ్రగ్స్ కేసులో శిక్ష పెద్ద అడ్డంకి, వీసా ఫారంలో ఎప్పుడైనా అరెస్టయ్యారా, శిక్ష పడిందా అని అడుగుతారు. కేసు నడుస్తుండగా పాస్‌పోర్టుకి కోర్టు అనుమతి కావాలి, అది దొరుకుతుంది. ఉద్యోగం ఫారంలో అడిగితే దాచకండి, కేసు కన్నా దాచినందుకు ఉద్యోగం పోయినవాళ్లే ఎక్కువ.

ఇంకో దారి ఉంది, మీకు ఎవరూ చెప్పి ఉండరు. మీవాడికి నిజంగా అలవాటు ముదిరి ఉంటే, తనంతట తాను ప్రభుత్వ లేదా ప్రభుత్వ గుర్తింపున్న కేంద్రంలో చికిత్స తీసుకుంటే సెక్షన్ 64ఏ కింద స్మాల్ క్వాంటిటీ కేసులో ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ ఉంటుంది. బెంగళూరులో కేంద్ర ప్రభుత్వ మానసిక ఆసుపత్రి నిమ్హాన్స్ ఉండనే ఉంది. చిక్కేమిటంటే ఇది వ్యసనపరుడికే, స్నేహితులతో రెండుసార్లు తాగినవాడికి కాదు, పైగా అడిగామంటే సరుకు తనదేనని దాదాపు ఒప్పుకున్నట్టు. మధ్యలో మానేస్తే రక్షణ పోతుంది. కాబట్టి డాక్టరుకి చూపించండి, కోర్టులో ఏం అడగాలో ఆ తర్వాత మీ వకీలు తేలుస్తారు.

పీజీ ఆయన్ని మరీ తిట్టుకోకండి, తెలిసి తన ఇంట్లో ఇలాంటివి జరగనిస్తే సెక్షన్ 25 కింద అతని మీదా కేసు పడుతుంది, ఆ భయమే అది. అడ్వాన్స్ మాత్రం రాతపూర్వకంగా అడిగి వెనక్కి తీసుకోండి. కోర్టులో హాజరయ్యేటప్పుడు షూరిటీ అడిగితే కర్ణాటక పహణీ, అంటే అక్కడి భూమి రికార్డు, ఉన్నవాళ్లే కావాలంటారు, వెతుక్కుంటూ టెన్షన్ పడకండి. వేరే జిల్లా వాడని షూరిటీని తోసిపుచ్చకూడదని 1978లోనే మోతీరాం కేసులో జస్టిస్ కృష్ణయ్యర్ గట్టిగా రాశారు. మదనపల్లె నుంచి మీ పట్టాదారు పాస్‌బుక్కు, ఆధార్, ఆ పొలం ఈసీ తెచ్చి పెట్టుకోండి.