పాత కంప్యూటర్‌లో వీడియో సర్వర్ పెడుతున్న అబ్బాయిని ఆపించాలా?

గుంటూరు బ్రాడీపేట నుంచి ఒక అమ్మగారు రాశారు. వాళ్లబ్బాయి బీటెక్ ఈసీఈ మూడో ఏడు. మూలన పడున్న డెస్క్‌టాప్‌కి లైనక్స్ ఎక్కించి, వాళ్ల తాతగారి పద్యనాటకాల వీడియో క్యాసెట్లను ఫైళ్లుగా మార్చి, హైదరాబాద్‌లో బంధువులు ఫోన్లో చూసుకునేలా సర్వర్ తయారు చేస్తున్నాడట. "రాత్రి రెండింటి దాకా అదే పని. జెల్లీఫిన్ అని ఏదో పెట్టాడు, మా టీవీలో బాగానే వస్తోంది, హైదరాబాద్‌లో మాత్రం ఆగి ఆగి వస్తోందంటున్నారు. సినిమాలు కూడా పెట్టమని ఫ్రెండ్స్ అడుగుతున్నారు. దీంతో ఉద్యోగం వస్తుందా, ఆపించి గేట్ కోచింగ్‌లో చేర్పించమంటారా?" అని అడిగారు.

అమ్మా, ఆపించకండి. అయితే ఇక్కడితో ఆగిపోతే మాత్రం ఉద్యోగానికి పనికిరాదు. జెల్లీఫిన్ మన దగ్గరున్న వీడియోలను టీవీకీ ఫోన్లకీ పంపే మంచి ఉచిత సాఫ్ట్‌వేరే, 2018 చివర్లో ఎంబీ (Emby) అనే అలాంటి సాఫ్ట్‌వేర్ నుంచి విడిపోయి వచ్చింది, కానీ దాన్ని ఇన్‌స్టాల్ చేయడం ఒక సాయంత్రం పని, ఇంటర్వ్యూలో దాని మీద ఐదు నిమిషాలు కూడా మాట్లాడలేడు. హైదరాబాద్‌లో వీడియో ఎందుకు ఆగుతోందో కనిపెట్టడంలోనే అసలు చదువంతా ఉంది.

ఇంట్లో టీవీకి ఫైలు మీ రౌటర్ దాటకుండానే వెళ్తుంది. బయటివాళ్లకు మీ ఇంటర్నెట్ అప్‌లోడ్ మీదుగా వెళ్లాలి. 5 ఎంబీపీఎస్ (సెకనుకు 5 మెగాబిట్ల) ఫైలును ఒకేసారి పదిమంది చూస్తే 50 ఎంబీపీఎస్ అప్‌లోడ్ కావాలి, గంట నాటకానికి మనిషికి 2.25 జీబీ లెక్కన పోతుంది. ముందు ఈ లెక్క కాగితం మీద వేయమనండి. అది సరిపోతోందంటే అనుమానం ప్రాసెసర్ మీదకు మళ్లించాలి, ఎందుకంటే చూసేవాళ్ల ఫోన్‌కి ఆ ఫార్మాట్ పడకపోతే సర్వర్ అప్పటికప్పుడు మార్చి పంపుతుంది, పాత కంప్యూటర్ ఆ పని చేయలేక చతికిలబడుతుంది.

అందుకే ఇప్పుడు జెల్లీఫిన్ పక్కన పెట్టి అంతా చేత్తో కట్టమనండి. వీడియోలను మార్చే ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో ముందే రెండు సైజుల్లోకి మార్చి, ఆరేసి సెకన్ల ముక్కలు చేసి, ఎన్‌జినెక్స్ అనే వెబ్ సర్వర్ ద్వారా పంపడం. దీన్నే హెచ్‌ఎల్‌ఎస్ అంటారు, 2009లో యాపిల్ తెచ్చిన పద్ధతి. నెట్ బాగుంటే పెద్ద సైజు ముక్క, బలహీనపడితే చిన్న సైజు ముక్క, ఏది కావాలో ప్లేయరే ఎంచుకుంటుంది. రెండు సైజుల్లోనూ కీఫ్రేమ్‌లు (ముందు బొమ్మల మీద ఆధారపడకుండా పూర్తిగా ఉండే బొమ్మలు) సరిగ్గా ఒకే క్షణంలో పడాలి, లేకపోతే సైజు మారిన ప్రతిసారీ బొమ్మ ఎగురుతుంది. ఇక్కడ కచ్చితంగా రెండు రోజులు తల పట్టుకుంటాడు, పట్టుకోనివ్వండి.

ఇంకో మాట. మన దగ్గర క్యాసెట్లు పాల్ (PAL) అనే పాత టీవీ పద్ధతివి, వాటిలో 576 గీతలకు మించి వివరం ఉండదు. 1080కి సాగదీస్తే ఫైలు బరువు పెరగడం తప్ప లాభం లేదు. ముందు డీఇంటర్‌లేస్ చేసి, అంటే గీత విడిచి గీతగా ఉన్న బొమ్మను పూర్తి బొమ్మగా మార్చి, 576, 360 సైజులు పెట్టుకుంటే చాలు. 1.5 ఎంబీపీఎస్ అయితే గంటకు 675 ఎంబీయే, మీ ఇంటి కనెక్షన్ మీద ఎంతో భారం తగ్గుతుంది. ధ్వనిని మాత్రం పిసినారితనంగా కుదించవద్దని చెప్పండి, పద్యం చివర రాగం తీసేటప్పుడు హార్మోనియం గరగరమంటే తాతగారి నాటకం విన్నట్టే ఉండదు.

సినిమాల సంగతి, వద్దు. ఫ్రెండ్సే కదా అని మొదలుపెట్టొద్దు. 1957 కాపీరైట్ చట్టం 63వ సెక్షన్ కింద ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల దాకా జరిమానా ఉన్నాయి. పైగా రేపు ఈ ప్రాజెక్టును రెజ్యూమెలో పెట్టి లింక్ ఇవ్వాల్సినవాడు, దాన్ని తెరవగానే దొంగ సినిమాలు కనిపిస్తే ఎవరు పిలుస్తారు? సర్వర్‌కి పాస్‌వర్డ్, దారిలో ఎవరూ చదవకుండా కాపాడే హెచ్‌టీటీపీఎస్ కూడా పెట్టించండి.

ఇక ఉద్యోగం. వీడియో ఇంజినీర్ అని వెతికితే పోస్టులు తక్కువే కనిపిస్తాయి. కానీ లైనక్స్, నెట్‌వర్కింగ్, వెబ్ సర్వర్, లోడ్ లెక్కలు, ఇవన్నీ డెవాప్స్‌కీ (సాఫ్ట్‌వేర్‌ను సర్వర్లకు ఎక్కించి నడిపే ఉద్యోగం) క్లౌడ్ సపోర్ట్‌కీ పునాదులే, ఓటీటీ కంపెనీలకే కాదు, క్లాసులు రికార్డ్ చేసి అమ్మే కోచింగ్ సంస్థలకీ ఈ పని తెలిసినవాళ్లు కావాలి. మీవాడిది ఈసీఈ కావడం కలిసొచ్చేదే, సిగ్నల్ ప్రాసెసింగ్ క్లాసులో చదివే డీసీటీ (డిస్క్రీట్ కొసైన్ ట్రాన్స్‌ఫార్మ్) అనే గణితానికి దగ్గరి లెక్కతోనే హెచ్.264 అనే వీడియో ఫార్మాట్ వీడియోను కుదిస్తుంది, ఆ రెండింటికీ లంకె వేసి చెప్పగలిగితే ఇంటర్వ్యూలో ఎదుటివాళ్లు ఆగి వింటారు.

గేట్ అనేది ఎంటెక్ కోసమో, ప్రభుత్వ రంగ సంస్థల కోసమో. వాడికి ఆ కోరిక ఉందో లేదో మీ ఉత్తరంలో ఎక్కడా లేదు, ముందు వాణ్ణే అడగండి. ఉంటే చేర్పించండి, సర్వర్ పని ఆదివారాలకు సర్దుకుంటుంది. నిద్ర విషయంలో మాత్రం మీ మాటే నెగ్గాలి, పదకొండు దాటాక కంప్యూటర్ కట్టేయాల్సిందే. నాలుగో ఏడు మేజర్ ప్రాజెక్టుగా దీన్నే పెట్టుకోవచ్చేమో కాలేజీలో గైడ్‌ని ఇప్పుడే కనుక్కోమనండి, బ్యాచ్‌లు ఖరారయ్యాక అడిగితే ఎవరో ఇచ్చిన టాపిక్ చేయాల్సి వస్తుంది.