పన్నెండో తరగతి గవర్నమెంటు క్లాసు, వీసా మీదున్న మన పిల్లలు

ప్రశ్న: అక్కా, మేం హైదరాబాదు నుంచి కాలిఫోర్నియా వచ్చి ఏడు నెలలైంది. మా అమ్మాయి పన్నెండో తరగతి. ప్రభుత్వం ఎలా నడుస్తుందో చెప్పే గవర్నమెంటు క్లాసులో సివిక్ పార్టిసిపేషన్ (పౌర వ్యవహారాల్లో పాల్గొనడం) కింద పది గంటలు చేసి రిపోర్టు రాయాలట. మాది హెచ్-4, ఇక్కడ ఉద్యోగానికొచ్చినవాళ్ల కుటుంబానికిచ్చే వీసా. ఈ దేశం రాజకీయాల్లో మనం వేలు పెడితే వీసాకు ఇబ్బందేమోనని మావారి భయం. టీచరుకు రాసి మినహాయింపు అడగమంటారా?

జవాబు: అడగొద్దు చెల్లీ. మీవారి భయం నాకు తెలుసు, మా ఇంట్లోనూ ఇదే మాట నడిచింది. నిజంగా భయపడాల్సిన చోటు ఒకటుంది. ముందు అది చెప్పేస్తాను.

అది ఓటరు నమోదు ఫారం. ఇక్కడ 16, 17 ఏళ్ల పిల్లలు ముందే పేరు రాయించుకోవచ్చు, 18 నిండగానే ఓటు వస్తుంది. ఆ వీలు సిటిజెన్లకు మాత్రమే. గవర్నమెంటు క్లాసులో ఈ ఫారాలు అందరికీ పంచుతుంటారు. మాకు తెలిసిన ఒకబ్బాయి, పక్కవాళ్లంతా నింపుతున్నారని తనూ పేరు, అడ్రసు రాసేశాడు. 'నేను అమెరికా సిటిజెన్‌ని' అన్న గడి దగ్గర చెయ్యి ఆగి, కాగితం మడిచి ఇంటికి తెచ్చి వాళ్లమ్మకు చూపించాడు. ఆ టిక్కు పెట్టి సంతకం చేసుంటే సిటిజెన్ కాకుండానే సిటిజెన్‌నని చెప్పుకున్నట్టు. ఇమ్మిగ్రేషన్ చట్టంలో అది చాలా పెద్ద తప్పు, రేపు గ్రీన్‌కార్డుకే అడ్డం పడుతుంది. డీఎంవీలో డ్రైవింగ్ పర్మిట్‌కి వెళ్లినప్పుడు కూడా ఓటరు ప్రశ్నలు వస్తాయి. మీ అమ్మాయికి ఈ రాత్రే కూర్చోబెట్టి చెప్పండి.

ఎన్నికల రోజు పోలింగు కేంద్రంలో పనిచేయడానికి హైస్కూలు పిల్లల్ని తీసుకుంటారు. 16 ఏళ్లు నిండి, 2.5 జీపీఏ ఉండి, సిటిజెనో గ్రీన్‌కార్డో ఉండాలి. హెచ్-4 పిల్లలకు కుదరదు. అభ్యర్థి ప్రచారంలో జీతం లేకుండా సాయం చేయొచ్చు గానీ, చందా మాత్రం ఐదు డాలర్లైనా ఇవ్వకూడదు.

మిగతా తలుపులన్నీ తెరిచే ఉన్నాయి. సిటీ కౌన్సిల్, స్కూల్ బోర్డు, కౌంటీ సూపర్‌వైజర్లు ఎక్కడ సమావేశమైనా జనం మధ్యే జరగాలని 1953 నుంచి బ్రౌన్ యాక్ట్ అనే రాష్ట్ర చట్టం ఉంది. వచ్చినవాళ్ల వీసా ఎవరూ అడగరు. లోపలికెళ్లి కూర్చోవడానికి పేరు కూడా రాయక్కర్లేదు. మాట్లాడే హక్కూ అందరికీ ఉంది. మన ఊళ్లో గ్రామసభకు పెద్దలు వెళ్తే పిల్లలు గోడవతల నుంచి చూసేవాళ్లు. ఇక్కడ పిల్లల్నే మైకు ముందుకు రమ్మంటారు.

2014లో మా పెద్దమ్మాయికి ఇదే క్లాసు. అప్పటికి మాదీ హెచ్-4 వీసాయే. మా లైబ్రరీ ముందు రోడ్డు దాటే చోట సిగ్నల్ లేదు, సాయంత్రం కార్లు ఆగేవి కావు. దాని గురించి సిటీ కౌన్సిల్ సమావేశంలో మాట్లాడతానంది. వారం రోజులు సాయంత్రం నాలుగు నుంచి ఐదు దాకా అక్కడ నిలబడి, దాటేవాళ్లెందరో, ఆగని కార్లెన్నో నోటుబుక్కులో గీతలు గీసుకుంది. సమావేశం రోజు చిన్న కార్డు నింపి ఇచ్చి మూడో వరసలో కూర్చున్నాం. పేరు పిలిచారు. రెండు నిమిషాలు. ఎదురుగా పచ్చ దీపం వెలిగింది, కాసేపటికి పసుపు. ఎర్ర దీపం వచ్చేసరికి దాని మాట ఇంకో వాక్యం మిగిలే ఉంది. ఆపేసి థాంక్యూ చెప్పి వచ్చింది. కూర్చున్నాక చూస్తే చేతులు చల్లగా ఉన్నాయి. సిగ్నల్ ఆ ఏడు రాలేదు. కానీ సిటీ ఇంజనీరొకాయన బయటికొచ్చి ఆ గీతల పేజీ ఫొటో తీసుకున్నారు. పది గంటలు అలా వాటంతటవే పూర్తయ్యాయి.

గంటల లెక్క టీచరును బట్టి, బడిని బట్టి ఉంటుంది. రాష్ట్రం అడిగేది ఒక సెమిస్టర్ గవర్నమెంటు, ఒక సెమిస్టర్ ఎకనామిక్స్. అందుకే ఏది లెక్కకొస్తుందో మొదటి వారంలోనే కనుక్కోమనండి. మనవాళ్లు చాలామంది ఉగాది వేడుకలో వడ్డన చేసిన గంటలు రాయించి, తెలిసిన అంకుల్‌తో సంతకం పెట్టిస్తారు. ఆ సేవ మంచిదే, కానీ ఇది దానికోసం పెట్టిన పని కాదు. పిల్లల ముందు మనం దొంగలెక్కకు దారి చూపకూడదు. ఈ విషయంలో నేను గట్టిగానే ఉంటాను.

రెండో సెమిస్టర్ ఎకనామిక్స్‌కి నా సలహా: మే, జూన్ నెలల్లో స్కూల్ బోర్డు తన ఖర్చుల ప్రణాళిక మీద జనం అభిప్రాయం వింటుంది. డబ్బు ఏ పిల్లల కోసం, దేనికి ఖర్చవుతుందో అందులో ఉంటుంది. జులై 1లోపు దాన్ని ఆమోదించాలి. ఆస్తిపన్ను కూడా మంచి అంశమే. 1978లో వచ్చిన ప్రొపోజిషన్ 13 అనే రాష్ట్ర నియమం వల్ల, పన్ను కోసం ఇంటికి కట్టే విలువ ఇల్లు చేతులు మారేదాకా ఏడాదికి రెండు శాతానికి మించి పెరగదు. అందుకే ఒకే వీధిలో ముప్పై ఏళ్ల కిందట కొన్నవాళ్లకూ నిన్న కొన్నవాళ్లకూ పన్ను తేడా అంత ఉంటుంది. మీరు అద్దెకున్నా ఇంటావిడను అడిగితే చెబుతుంది.

మామూలు సమావేశానికి 72 గంటల ముందే ఏజెండా అందరికీ కనిపించేలా పెట్టాలి. మంగళవారం రాత్రి ఏడుకి సమావేశమైతే శనివారం రాత్రి ఏడులోపు వచ్చేస్తుంది. ఆదివారం టిఫిన్లయ్యాక ముగ్గురూ కూర్చుని అందులో ఒక అంశం తననే ఎంచుకోనివ్వండి. మీవారిని కూడా తీసుకెళ్లండి.