ఆ జపాన్ జాంబీ సినిమాను మీరు 17 నిమిషాలు ముందుగా ఆపేశారు

మీ ప్రశ్న చదివి నవ్వుకున్నాను, ఏమీ అనుకోకండి. "అందరూ కల్ట్ (కొందరు పిచ్చిగా అభిమానించే సినిమా) అంటున్నారు కదా అని ‘వన్ కట్ ఆఫ్ ది డెడ్’ అనే జపాన్ జాంబీ సినిమా పెట్టాను. నటన వీధి నాటకంలా ఉంది, కెమెరా ఊగిపోతోంది, మాట్లాడుతున్నవాళ్లు మధ్యలో బిక్కమొహం వేసుకుని నిలబడిపోతున్నారు. ఇరవై నిమిషాలకు ఆపేశాను. ఇలాంటి చవక సినిమాల్లో జనానికి ఏం కనిపిస్తుంది? చూడాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?" అని అడిగారు.

మీరు పట్టుకున్న లోపాలన్నీ నిజంగా ఉన్నవే. కానీ ఆ సినిమాలో మొదటి 37 నిమిషాలు ఒకే షాట్, అంటే మధ్యలో ఎక్కడా కెమెరా ఆపలేదు. మీరు అందులో సగం దాటగానే లేచి వెళ్లిపోయారు. 37వ నిమిషం తర్వాత ఏమవుతుందో నేను చెప్పను, చెబితే మీకు అన్యాయం చేసినవాడినవుతాను. ఒక్క మాట మాత్రం ఇవ్వగలను. మీకు చిరాకు తెప్పించిన ప్రతిదానికీ, ఆ మౌనాలకూ ఆ ఊగుడుకూ కెమెరా అద్దం మీద పడ్డ రక్తాన్ని తుడిచే చేతికీ, ఆ సినిమా తర్వాత పైసాతో సహా లెక్క చెబుతుంది. షినిచిరో ఉయేదా 2017లో దాన్ని సుమారు 30 లక్షల యెన్‌లతో తీశాడు. మన డబ్బులో ఇరవై లక్షలు కూడా దాటదు. టోక్యోలో రెండే రెండు చిన్న హాళ్లలో మొదలై ఊరూరా పాకి, చివరకు 300 కోట్ల యెన్‌లకు పైగా వసూలు చేసింది. పేరున్న నటుడు ఒక్కడూ లేడు.

ఇక నాకు ఈ పిచ్చి ఎక్కడ పట్టిందో చెబితేనే మీ ప్రశ్నకు నా జవాబు అర్థమవుతుంది.

విశాఖపట్నంలో, అల్లిపురంలో, మా చిన్న మామయ్యకు వీడియో క్యాసెట్ల దుకాణం ఉండేది. 1980ల చివర, నేను నాలుగో తరగతిలో ఉన్నప్పటి మాట. పెద్ద హీరోల క్యాసెట్లు శనివారం ఉదయానికే వెళ్లిపోయేవి. ఎవరూ తీసుకోనివి రాత్రికి మా ఇంటికి వచ్చేవి. అలా నా సినిమా చదువంతా మిగిలిపోయిన సరుకుతోనే సాగింది. క్యాసెట్టు పాతదైతే తెర అడుగున తెల్ల గీతలు పాకేవి. మామయ్య వీసీఆర్ మూత విప్పి, కొత్త రూపాయి నోటు మడిచి, టేపును చదివే హెడ్డు మీద సుతారంగా తిప్పేవాడు. గీతలు పోయేవి. నోటు మాత్రం నల్లబడి మళ్లీ ఆయన జేబులోకి వెళ్లేది.

అలాంటి ఒక రాత్రి విఠలాచార్య గారి ‘జగన్మోహిని’ చూశాం. అది 1978 సినిమా, అప్పటికే పదేళ్ల పాతది. ఇంట్లో పదిహేను మంది, కిటికీ బయట ఇంకో పదిమంది. జయమాలిని దయ్యం పొయ్యి ముందు కూర్చుని, కట్టెలకు బదులు తన కాళ్లనే పొయ్యిలో పెట్టి వంట చేసే ఘట్టం వచ్చింది. గదిలో చప్పుడు లేదు. అంతలో వెనక నుంచి మా అమ్మమ్మ, "నయమే, కట్టెల ఖర్చు లేదు" అంది. అందరూ గొల్లుమన్నారు. కానీ నేను నవ్వలేదు. నాకు నిద్ర పట్టలేదు కూడా. మర్నాడు మామయ్యను, "కాళ్లు ఎలా కాలలేదు మామయ్యా?" అని అడిగాను. ఆయన క్యాసెట్టు వెనక్కి తిప్పి, ఆ ఘట్టాన్ని ఆపి ఆపి చూపించాడు. "పొయ్యి వెనకాల గొయ్యి తీసి ఉంటారు రా అల్లుడూ. ఆవిడ అసలు కాళ్లు అందులో మడుచుకుని ఉండి ఉంటాయి" అన్నాడు. అది ఆయన ఊహే. నిజం ఏమైనా కానీ, తెర మీద కనిపించేదాని వెనక ఒక గొయ్యి ఉంటుందని నాకు అప్పుడే తెలిసింది. అప్పటినుంచి నేను ఏ దయ్యం సినిమా చూసినా ముందు ఆ గొయ్యి కోసమే వెతుకుతాను.

విఠలాచార్య గారి ట్రిక్కుల్లో చాలావరకు కెమెరా తిరగడం ఆపి, మనిషిని పక్కకు తప్పించి, మళ్లీ తిప్పడమే. మనిషి మాయమైపోతాడు. ఫిల్మును వెనక్కి తిప్పి రెండోసారి దాని మీదే తీస్తే ఒకే మనిషి ఇద్దరవుతాడు. ఇందులో యంత్రం పని కంటే ఓపిక పని ఎక్కువ. కెమెరా అంగుళం కదిలినా గుట్టు రట్టవుతుంది. ఆయన పొదుపు గురించి పరిశ్రమలో చెప్పుకునే కథ మీరు వినే ఉంటారు. ఏ నటుడైనా పారితోషికం పెంచమని పేచీ పెడితే, తర్వాతి సీనులో ఆ పాత్రను ఏ మునో శపించేవాడట. మిగతా సినిమా అంతా చిలకో కుక్కో నటించేది. ఇది ఎంత నిజమో గానీ, ఇలాంటిదే అచ్చంగా జరిగిన కథ అమెరికాలో ఉంది. ఎడ్ వుడ్ అనే దర్శకుడు ‘ప్లాన్ 9 ఫ్రమ్ ఔటర్ స్పేస్’ తీయబోయేసరికి డ్రాకులా పాత్రతో పేరు తెచ్చుకున్న బేలా లుగోసి 1956లో చనిపోయాడు. వుడ్ చేతిలో ఆయన మీద తీసిన కొద్ది నిమిషాల ఫిల్మే ఉంది. మరెవరైనా అయితే ఆపేసేవారు. ఇతను తన భార్యకు వెన్ను వైద్యం చేసే మనిషిని పిలిచి, నల్ల అంగీతో ముఖం కప్పుకోమని చెప్పి మిగతాది లాగించేశాడు. ఇద్దరికీ పోలిక అణుమాత్రం లేదు. సినిమా ఘోరంగా ఉంటుంది. అయినా ఆ అంగీ తెర మీదకు వచ్చినప్పుడల్లా నాకు ఆ దర్శకుడి మీద జాలీ ప్రేమా రెండూ కలుగుతాయి. కాళ్లూ చేతులూ కట్టేసినా సినిమా తీసి తీరతానన్న మొండితనం అది.

ఇదే రకం పొదుపు రోజర్ కోర్మన్ అనే ఇంకో అమెరికా దర్శకుడిది. ‘ది లిటిల్ షాప్ ఆఫ్ హారర్స్’ (1960) ముఖ్యమైన భాగమంతా అతను వేరే సినిమా కోసం వేసిన సెట్టులో రెండు రోజుల్లో తీసేశాడు. పెళ్లి పందిరి విప్పేలోగా ఉపనయనం కూడా కానిచ్చేసినట్టు. నరమాంసం తినే మొక్క కథ అది. మొక్క చూడటానికి అట్టముక్కలా ఉన్నా, సినిమా ఇప్పటికీ నవ్విస్తుంది.

నా కొలత ఇంతే. తెర మీద పేదరికం కనబడితే నాకు అభ్యంతరం లేదు, బద్ధకం కనబడితే మాత్రం లేచిపోతాను. దర్శకుడి దగ్గర డబ్బు లేదని సినిమా చెప్పేయవచ్చు. ఆలోచన లేదని చెప్పకూడదు. ఈ కొలతతో చూస్తే పేరున్నవాళ్లు కూడా కొన్నిసార్లు నిలవరు. రాంగోపాల్ వర్మ 2011లో ‘దొంగల ముఠా’ను రవితేజ అంతటి హీరోతో ఐదు రోజుల్లో, ఫొటోలు తీసే స్టిల్ కెమెరాలతో తీశాడు. ఆ వార్త విన్నప్పుడు ఎగిరి గంతేశాను. జగదాంబ సెంటర్ దగ్గర టికెట్టు కొని మొదటి రోజే చూశాను. బయటికి వస్తుంటే ఐదు రోజుల్లో ఎలా తీశారన్న కబురు తప్ప చెప్పుకోవడానికి ఏమీ మిగల్లేదు. ఇదే మనిషి 1992లో ‘రాత్రి’ తీశాడు. అందులో ఖాళీ వరండా, మెట్లు, మూసిన తలుపు, వీటి మీద మెల్లగా జరిగే కెమెరాతోనే భయపెట్టాడు. ఆ రెండూ పక్కపక్కన చూడండి, నేను చెప్పేది మీకే తెలుస్తుంది.

ఇంకో రకం సినిమాలంటే కూడా నాకు పడదు. ముందే ‘ఇది కల్ట్’ అని పోస్టరు మీద వేసుకుని వచ్చేవి. ఆ బిరుదు ఇవ్వాల్సింది జనం, అదీ కొన్నేళ్ల తర్వాత. వెక్కిరించడానికే గుంపుగా కూర్చుని చూసేవాళ్లూ నాకు నచ్చరు. అది నా గుణం, మీరు పట్టించుకోనక్కర్లేదు.

ఇంత మాట్లాడుతున్నాడు, తనేమైనా తీశాడా అని మీకు అనిపించవచ్చు. తీశాను, ఒక్కటి. 2013లో ముగ్గురు స్నేహితులం కలిసి 22 వేల రూపాయలు పోగుచేసి భీమిలిలో పదకొండు నిమిషాల దయ్యం సినిమా తీశాం. కెమెరా అరువుది. దయ్యం మా స్నేహితుడి అక్క. ఆవిడ బ్యాంకు ఉద్యోగి, ఒక్క ఆదివారం మాత్రమే ఖాళీ. మంచు తెర కోసం కిలో సాంబ్రాణి, నాలుగు కుంపట్లు తీసుకెళ్లాం. సముద్రపు గాలి సంగతి ఎవరికీ గుర్తు లేదు. పుట్టి పెరిగింది విశాఖపట్నంలోనే, అయినా గుర్తు లేదు. పొగ కుంపటి దాటితే ఒట్టు, నేరుగా రోడ్డు మీదకు పోయి అక్కడ టీ కొట్టులో జనం దగ్గడం మొదలుపెట్టారు. గట్టున వల బాగుచేసుకుంటున్న ఒక పెద్దాయన చాలాసేపు మమ్మల్ని చూసి, "బాబూ, గాలిని అడ్డుకోవాలంటే దానికి ఎదురుగా నిలబడితే కాదు, పడవ వెనక్కి పోవాలి" అన్నాడు. రెండు పడవల మధ్య టార్పాలిన్ కట్టించాడు. వెలుగు కోసం ఆటో హెడ్‌లైటుకు పసుపు రంగు జెలటిన్ కాగితం అంటించాం. రాత్రి పదకొండుకు పొగ నిలబడింది. అక్క నడిచి రావడం మొదలుపెట్టగానే టార్పాలిన్ తాడు తెగింది. గాలి ఒక్క ఊపున వచ్చి ఆవిడ తెల్లచీర కొంగును ఎత్తి ముఖానికి చుట్టేసింది. ఆవిడ ఆగలేదు. ముఖం లేని మనిషి ఒకరు పసుపు వెలుగులో మా వైపు నడిచి వచ్చినట్టుంది. కెమెరా పట్టుకున్నవాడు ‘అమ్మో’ అన్నది కూడా రికార్డు అయింది. ఆ గొంతు తీసేయలేదు, అలాగే ఉంచాం.

సినిమా మొత్తంలో పనికొచ్చింది ఆ తొమ్మిది సెకన్లే. మామయ్యకు చూపిస్తే అంతా చూసి, "మిగతాది సరే గానీ, ఆ గాలికి ఎంత ఇచ్చారు?" అని అడిగాడు.

మీకు మొదలుపెట్టడానికి కొన్ని పేర్లు. వరసలో చూడాలని లేదు. తెలుగులో నీలకంఠ తీసిన ‘షో’ (2002) ముందు చూడండి. ఒక ఇల్లు, ఇద్దరు మనుషులు, అంతే. మంజుల, సూర్య తప్ప దాదాపు ఎవరూ కనబడరు, అయినా గంటలకొద్దీ సాగదీసినట్టు ఉండదు. తర్వాత చంద్రశేఖర్ యేలేటి ‘ఐతే’ (2003). ఉద్యోగాల్లేని కుర్రాళ్లు, ఒక మాఫియా నాయకుడు, ఒక విమానం. పెద్ద హీరో లేడు. డబ్బు చాలని చోటల్లా తెలివి పెట్టారు. ఈ రెండింటికీ ఉత్తమ తెలుగు చిత్రంగా జాతీయ పురస్కారాలు వచ్చాయి కాబట్టి ఇంట్లోవాళ్ల దగ్గర కూడా ధైర్యంగా పెట్టవచ్చు. ‘సినిమా బండి’ (2021) మీ ప్రశ్నకు బంధువు లాంటిది. ఒక ఆటో డ్రైవరుకు కెమెరా దొరికితే ఊరంతా కలిసి సినిమా తీయబోతారు. నవ్వొస్తే నవ్వండి, కానీ వాళ్లను వెక్కిరిస్తున్నట్టు ఎక్కడా ఉండదు. ‘మత్తు వదలరా’ (2019) మాత్రం హాస్యనటుడు సత్య కోసమే రెండుసార్లు చూశాను.

మా ఊరి అభిమానంతో ‘కేరాఫ్ కంచరపాలెం’ (2018) కూడా చేర్చాలనిపిస్తోంది. అది దయ్యాలదీ దొంగలదీ కాదు, నాలుగు ప్రేమకథలు. కానీ వెంకటేష్ మహా ఎన్నడూ నటించని కంచరపాలెం మనుషుల్నే ఎందరినో కెమెరా ముందుకు తెచ్చాడు. హాల్లో మా పక్క వరసలో ఒకావిడ తెర వైపు వేలు చూపించి, "అదిగో, మన వీధి!" అని గట్టిగా అరిచింది. ఎవరూ విసుక్కోలేదు.

బయటి సినిమాల్లో జార్జ్ రొమేరో ‘నైట్ ఆఫ్ ది లివింగ్ డెడ్’ (1968) చూడకుండా జాంబీల మీద తీర్పు చెప్పకండి. నలుపు తెలుపు సినిమా కాబట్టి నెత్తురుకు బదులు చాక్లెట్ సిరప్ వాడారు. విడుదల ముందు పేరు మార్చినప్పుడు, కొత్త టైటిల్ కార్డు మీద హక్కుల ప్రకటన వేయడం మరిచిపోయారు. ఆ ఒక్క పొరపాటుతో అమెరికాలో అది జనం సొత్తు అయిపోయింది. తీసినవాళ్లకు రావలసిన డబ్బు పోయింది, సినిమా మాత్రం ప్రపంచమంతా చేరింది.

వీటిని ఒంటరిగా, చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని చూడకండి. కనీసం ఇంకొకరిని పిలవండి. మా అమ్మమ్మ మాట లేకపోతే ‘జగన్మోహిని’ నాకు సగమే గుర్తుండేది.

ఈ శనివారం ఆ జపాన్ సినిమానే మళ్లీ మొదటినుంచి పెట్టండి. 38వ నిమిషం వచ్చేదాకా ఫోను పక్క గదిలో ఉంచండి. అయిపోయాక వెంటనే మొదటి అరగంట మళ్లీ చూడాలనిపిస్తుంది. చూడండి, కాదనను, కానీ అప్పటికి రాత్రి పన్నెండు దాటుతుంది కాబట్టి పక్కింటివాళ్లు లేచేలా నవ్వకండి.