పీఎస్‌ఎల్‌ఈలో పాపకు 15 వచ్చింది, ఇది మంచి స్కోరేనా?

ప్రశ్న: మేము చాలా ఏళ్ళుగా సింగపూర్‌లో ఉంటున్నాం, పర్మనెంట్ రెసిడెంట్లం. మా అమ్మాయి ఈ ఏడాది ప్రైమరీ సిక్స్ పూర్తి చేసింది. ప్రైమరీ చివర రాసే జాతీయ పరీక్ష పీఎస్‌ఎల్‌ఈలో ఇంగ్లిషుకు ఏఎల్ (అచీవ్‌మెంట్ లెవెల్, అంటే మార్కులను బట్టి ఇచ్చే మెట్టు) 3, లెక్కలకు 2, సైన్సుకు 4, తమిళానికి 6, మొత్తం 15 వచ్చింది. తన ఆఫీసులో పనిచేసే ఒకాయన కొడుక్కి 8 వచ్చిందని తెలిసినప్పటి నుంచి మావారు పాపతో సరిగా మాట్లాడటం లేదు. హైదరాబాదులో రెసిడెన్షియల్ స్కూల్లో చేర్పిద్దామంటున్నారు. పాపేమో ఫలితాల కాగితం మీద తమిళం పక్కనున్న ఆరు చుట్టూ పెన్సిలుతో సున్నా చుట్టి, ఆ కాగితాన్ని అట్లాసులో దాచిపెట్టింది. రాజమండ్రి నుంచి మా అత్తగారు ఫోను చేసి "వందకెన్ని వచ్చాయే?" అని అడుగుతుంటే ఏం చెప్పాలో తోచడం లేదు. సెకండరీ బడుల ఎంపిక ఇవ్వడానికి ఇంకా కొద్ది రోజులే గడువుంది. దయచేసి దారి చూపండి.

జవాబు: అమ్మా, గడువు దగ్గరపడింది కాబట్టి ముందుగా మీరడిగిన మాటకే సమాధానం చెబుతాను. 15 మంచి స్కోరే. నాలుగు సబ్జెక్టుల ఏఎల్ అంకెలను కూడితే వచ్చే మొత్తం 4 నుంచి 32 వరకు ఉంటుంది, ఎంత తక్కువైతే అంత మేలు. 20 వరకు వచ్చిన పిల్లలకు మూడో పోస్టింగ్ గ్రూపులో, అంటే సబ్జెక్టుల్లో చాలావాటిని పై స్థాయి అయిన జీ3లో చదివే గ్రూపులో, చేరే అర్హత వస్తుంది. మీ పాప ఆ హద్దుకు అయిదు అంకెలు ఇవతలే ఉంది.

అత్తగారికి వందల లెక్కలోనే చెప్పండి. ఏఎల్ 2 అంటే 85 నుంచి 89 మార్కులు, ఏఎల్ 3 అంటే 80 నుంచి 84, ఏఎల్ 4 అంటే 75 నుంచి 79. మనవరాలికి లెక్కల్లో 85 దాటాయని, ఇంగ్లిషులో 80 దాటాయని, సైన్సులో 75 దాటాయని చెబితే రాజమండ్రిలో ఎవరూ పెదవి విరవరు. ఏఎల్ 6 మాత్రం 45 నుంచి 64 వరకు పరుచుకున్న పెద్ద మెట్టు. 46 వచ్చినా 6 అంకే పడుతుంది, 64 వచ్చినా అదే పడుతుంది. ఫలితాల కాగితంలో మార్కులు ఇవ్వరు కనుక మీ పాప ఆ మెట్టులో ఎక్కడ ఉందో మీకు గాని, మీవారికి గాని తెలిసే వీలు లేదు. ఒక్క మార్కు దూరంలో ఏఎల్ 5 తప్పిపోయి ఉండవచ్చు కూడా.

ఆ తమిళం గురించి ఇంకొంత చెప్పాలి. సింగపూర్ బడుల్లో మాతృభాష సబ్జెక్టుగా చైనీస్, మలయ్, తమిళం ఉన్నాయి. వాటికి తోడు హిందీ, బెంగాలీ, గుజరాతీ, పంజాబీ, ఉర్దూ తీసుకోవచ్చు. తెలుగు ఆ జాబితాలో లేదు. అందువల్ల ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లలు ఇంకొకరి మాతృభాషలో వ్యాసాలు రాసి, మౌఖిక పరీక్ష ఇచ్చి, ఆ భాషను ఇంట్లో అమ్మానాన్నలతో మాట్లాడుతూ పెరిగిన పిల్లలతో ఒకే కొలత మీద నిలబడవలసి వస్తుంది. మిగతా మూడు సబ్జెక్టుల్లో మీ పాప మొత్తం 9. ఆ ఆరంకె చుట్టూ సున్నా చుట్టిన పిల్లకు ఈ విషయం ఎవరైనా కూర్చోబెట్టి చెప్పారా? చెప్పవలసింది నాన్నగారే. ఇంట్లో ఎవరికీ రాని భాషలో ఆరేళ్ళు నెట్టుకొచ్చిందని ఆయన నోట వింటే, ఆ మాట మీరు పదిసార్లు చెప్పినదానికన్నా ఎక్కువగా పనిచేస్తుంది.

మీవారి బాధను నేను తేలిగ్గా తీసిపారేయను. 2020 వరకు ఇక్కడ టీ-స్కోరు ఉండేది. తోటి పిల్లలతో పోల్చి లెక్కగట్టే ఆ మూడంకెల స్కోరులో ఒక్క పాయింటు తేడా కూడా బడిని మార్చేసేది. ఆఫీసులో సీనియర్ల నుంచి ఆ రోజుల కథలు విన్నవాళ్ళకు ప్రతి అంకె ప్రాణం మీదికి వచ్చినట్టే ఉంటుంది. 2021 నుంచి వచ్చిన ఏఎల్ పద్ధతిలో పక్క పిల్లవాడు ఎలా రాశాడన్నదానితో పని లేదు, మీ పాప రాసినదాన్ని బట్టే ఆమె మెట్టు. ఆ అబ్బాయికి 8 వచ్చినందుకు మీ పాప అంకె ఒక్కటి కూడా పెరగలేదు, తరగలేదు. అతని బడి వేరే కావచ్చు, అంతే. ఈ సంగతి మీవారితో పాప నిద్రపోయాక మాట్లాడండి, ఆమె ఎదుట ఈ చర్చ వద్దు. ఆయన మౌనానికి కారణం స్కోరా, ఆఫీసులో వాళ్ళకు ఏం చెప్పాలన్న మొహమాటమా అని కూడా మెల్లగా అడగండి. రెండోదైతే దాని భారం పన్నెండేళ్ళ పిల్ల మోయవలసినది కాదు.

ఇక బడుల సంగతి. మీరు ఆరు బడులను వరుసక్రమంలో ఇవ్వవచ్చు. సీటు ముందు స్కోరును బట్టి ఇస్తారు. చివరి సీటుకు సమానమైన స్కోరుతో ఒకరికన్నా ఎక్కువ మంది పోటీలో ఉంటే మొదట పౌరసత్వం, ఆ తర్వాత ఎంపికలో ఆ బడిని ఎన్నో స్థానంలో పెట్టారన్నది, అప్పటికీ తేలకపోతే కంప్యూటర్ లాటరీ చూస్తారు. మీరు పర్మనెంట్ రెసిడెంట్లు కాబట్టి సమానమైన స్కోరు వచ్చినప్పుడు సింగపూర్ పౌరుల తర్వాతే మీ వంతు. కిందటేడు చివరి సీటు 15 స్కోరుకు ఇచ్చిన బడిలో మీకు సీటు ఖాయమని అనుకోవద్దని ఇందుకే చెబుతున్నాను. ఆరింటిలో ఒకటో రెండో ఆశపడి పెట్టుకోండి. చివరి సీటుకు సమానమైన స్కోరుతో పోటీ వస్తే తప్ప, వాటిని పైన పెట్టినంత మాత్రాన కింది బడులకు నష్టమేమీ రాదు. కనీసం మూడు మాత్రం కిందటేడు 17, 18 దాకా తీసుకున్న బడులై ఉండాలి. పాప చదివిన ప్రైమరీ బడికి అనుబంధ సెకండరీ బడి ఏదైనా ఉంటే, అనుబంధ బడి పిల్లలకు ఇచ్చే ప్రాధాన్యం కావాలంటే దాన్ని మొదటి ఎంపికగా పెట్టవలసి ఉంటుంది, ఇది మర్చిపోవద్దు. ఆరింటిలో ఏదీ దొరకకపోతే సీట్లు మిగిలిన బడుల్లో ఇంటికి దగ్గరగా ఉన్నదానిలో వేస్తారు. ఏ పిల్లా రోడ్డున పడదు. ఈ ఆరు పేర్లు రాసేటప్పుడు పాపను పక్కన కూర్చోబెట్టుకోండి. ఎంతసేపు బస్సులో వెళ్ళాలి, తనకిష్టమైన సీసీఏ (ఆటలు, సంగీతం వంటి పాఠ్యేతర కార్యక్రమం) అక్కడ ఉందా, తనతో చదివినవాళ్ళెవరైనా వెళ్తున్నారా అన్న ఆమె ప్రశ్నలు మనకు చిన్నవిగా కనిపించినా నాలుగేళ్ళు రోజూ వెళ్ళవలసింది ఆమే.

చేరబోయే గ్రూపే భవిష్యత్తు అన్న భయం కూడా అక్కరలేదు. 2024లో సెకండరీలో చేరిన పిల్లలతో మొదలుపెట్టి ఎక్స్‌ప్రెస్, నార్మల్ అని పిల్లలను విడదీసే స్ట్రీములు ఎత్తివేసి, ఒక్కో సబ్జెక్టును ఒక్కో స్థాయిలో చదివే ఏర్పాటు తెచ్చారు. తమిళం భారమవుతుందనుకుంటే, పాప చేరిన వారంలోనే బడిలో ఆ విషయం ఎత్తండి.

హైదరాబాదు ప్రస్తావనను ఈ వారానికి పక్కన పెట్టమని మీవారిని గట్టిగానే అడగండి. పై చదువుల కోసమో, పెద్దవాళ్ళ కోసమో కుటుంబమంతా కలిసి వెనక్కి వెళ్ళాలనుకుంటే అది వేరే ఆలోచన, తీరిగ్గా చేయవలసినది. కానీ స్కోరు చూసి కోపంలో పిల్లను ఒక్కదాన్నే హాస్టలుకు పంపితే ఆమె దాన్ని శిక్షగానే అర్థం చేసుకుంటుంది. పైగా అక్కడ చాలా బడుల్లో విద్యాసంవత్సరం జూన్‌లో మొదలవుతుంది. ఏడాది మధ్యలో, కొత్త సిలబస్‌లోకి, హాస్టలు గదిలోకి ఒకేసారి దింపడం నాకు ఏ విధంగానూ సబబుగా కనిపించడం లేదు.

పాప అన్నం సరిగా తినకపోయినా, నిద్రపోకపోయినా, స్నేహితులకు ముఖం చాటేస్తున్నా ఒకటి రెండు వారాలకు మించి చూస్తూ ఊరుకోవద్దు. బడిలో కౌన్సెలర్ ఉంటారు. సెలవుల్లో వారు అందుబాటులో లేకపోతే, ప్రైమరీ వయసు పిల్లలు స్వయంగా మాట్లాడుకోవడానికి టింకిల్ ఫ్రెండ్ అనే సహాయ సేవ సింగపూర్‌లో ఉంది. అట్లాసులోని కాగితాన్ని మీరు వెతికి తీయవద్దు. ఎంపికలు నింపడానికి అది కావలసి వచ్చినప్పుడు ఆమెనే తెమ్మనండి, అప్పుడు మీవారు కూడా అక్కడ ఉండేలా చూడండి.