వెతికింది ఒక డబ్బా, దొరికింది ఇంకో డబ్బా: ఇప్పుడేం చేయాలి?

ప్రశ్న: మాది విజయనగరం జిల్లా, చీపురుపల్లి దగ్గర ఒక ఊరు. బెంగళూరు నుంచి వచ్చిన నా ఫ్రెండ్ జియోకాషింగ్ అనే ఆట చూపించాడు. ఎవరో ఒక డబ్బా దాచి, ఆ చోటు జీపీఎస్ పాయింట్ యాప్‌లో పెడతారు. మనం వెతికి పట్టుకుని, లోపలున్న చిన్న పుస్తకంలో పేరు రాసి, మళ్లీ అక్కడే పెట్టేయాలి. మా ఊరి కొండ మీద ఒకటుందని యాప్‌లో చూపిస్తే ఎక్కాం. రాతి నెర్రెలో, చిన్న రాళ్లు అడ్డం పెట్టిన ఊరగాయ ప్లాస్టిక్ డబ్బా దొరికింది. మూత తీయగానే మడిచిన కాగితం కనబడితే అదే లాగ్‌బుక్ అనుకుని మావాడు దాని వెనక పేరు, తేదీ రాసేశాడు. తీరా చూస్తే అది తాకట్టు చీటీ. కింద గుడ్డలో తెగిన పుస్తెలతాడు, రెండు బంగారు గాజులు, జార్జి బొమ్మున్న వెండి రూపాయలు ఆరు. భయపడి ఇంటికి తెచ్చేశాం, పది రోజులైంది. అమ్మ పైడితల్లి అమ్మవారి హుండీలో వేసేయమంటోంది, ఫ్రెండ్ ఎక్కడిదక్కడ పెట్టేయమంటున్నాడు, బావ కరిగించేద్దాం అంటున్నాడు. ఇది గుప్తనిధి కిందకి వస్తుందా? నా మీద కేసు అవుతుందా? ఒకటే టెన్షన్‌గా ఉంది.

జవాబు: ముందు మీ బావగారిని ఆ డబ్బాకి దూరంగా ఉంచండి. తెగిన పుస్తెలతాడు చూశాక కూడా ఇది ఎవరో మెడలోంచి లాక్కున్నది అయ్యుండొచ్చని అనిపించలేదంటే ఏ మేజిస్ట్రేటూ నమ్మరు. దొంగసొత్తు అని నమ్మడానికి కారణం ఉండి కూడా దురుద్దేశంతో దగ్గర ఉంచుకుంటే ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 317 కింద మూడేళ్ల దాకా జైలు ఉంది. కరిగిస్తే ఇక చెప్పేదేముంది, సాక్ష్యం కూడా మాయం చేసినట్టు.

ఇప్పటిదాకా మీరు చేసిన దాంట్లో నేరం ఏముంది అంటే, నా ఉద్దేశంలో ఏమీ లేదు. ఫోన్‌లో జీపీఎస్ పెట్టుకుని డబ్బా వెతకడం తప్పు కాదు. చెట్ల కింద, బండల మధ్య ఫోన్ చూపించే పాయింట్ కొన్ని మీటర్లు అటూ ఇటూ పోతుంది కాబట్టి పక్క నెర్రెలో చెయ్యి పెట్టడం సహజమే. దారిలో దొరికిన వస్తువుని కాపాడదామనో, సొంతదారుకి ఇద్దామనో తీసుకుంటే నేరం కాదని అదే సంహిత సెక్షన్ 314 వివరణలోనే రాసి ఉంది. అదే వివరణలో రెండో సగం కూడా ఉంది, జనం అది చదవరు: సొంతదారు ఎవరో తెలిసినా, తెలుసుకునే మార్గం ఉన్నా, ఆ ప్రయత్నం చేయకుండా సొంతం చేసుకుంటే నేరమే, ఆరు నెలలకి తక్కువ కాకుండా రెండేళ్ల దాకా జైలు, జరిమానా. మీ దగ్గర ఆ మార్గం ఉంది కదా, తాకట్టు చీటీ. దాని మీద షాపు పేరో, నంబరో, సగం చెరిగిన సంతకమో ఏదో ఒకటి ఉంటుంది. కాబట్టి ఎవరివో తెలియలేదు అనే మాట మీకు పనికిరాదు. అలాగని ఆ షాపుకి మీరే వెళ్లి ఆరా తీయకండి, ఆ పని పోలీసులది.

అమ్మగారి మాటకి ఎదురు చెప్పడం కష్టమే, కానీ హుండీలో వేయడం అంటే ఎవరి పుస్తెలో మన సొంతంలాగా ఇచ్చేయడం. మెడలోంచి తాడు పోయిన ఆవిడ కూడా ఈపాటికి అదే అమ్మవారికి మొక్కుకునే ఉంటుంది.

మీ ఫ్రెండ్ మాట పైకి బాగానే ఉంది గానీ, పది రోజుల కిందట అయితే సరిపోయేది. డబ్బా చూసి, ముట్టుకోకుండా దిగొచ్చేస్తే మీకు ఏ బాధ్యతా లేదు. ఇంటికి తెచ్చుకున్నారు కాబట్టి 1872 నాటి కాంట్రాక్టు చట్టం సెక్షన్ 71 ప్రకారం, వస్తువు మనకి అప్పగిస్తే ఎంత జాగ్రత్తగా చూడాలో ఇప్పుడు అంతే జాగ్రత్తగా చూడాలి. మళ్లీ రాతి సందులో పెట్టేయడం సొంతదారుకి ఇచ్చినట్టు కాదు. పైగా దాచినవాడు వచ్చి పట్టుకుపోతే మీ వేలిముద్రలు, మీ ఫ్రెండ్ సంతకం ఉన్న చీటీతో సహా పోతుంది, రేపు వాడు దొరికిన రోజు పోలీసులు ముందు అడిగేది మిమ్మల్నే.

ఇక నిధి సంగతి. నిధి అంటే లంకెబిందెలు, రాజుల కాలం నాటివి అనుకుంటాం. 1878 నాటి చట్టం ఒకటి ఇప్పటికీ అమల్లో ఉంది, అందులో ఆ వయసు షరతు లేదు. నేలలో గానీ, నేలకి అతుక్కుని ఉన్న దేంట్లో గానీ దాచిన విలువైన వస్తువు ఏదైనా నిధే, ఊరగాయ డబ్బాలో ఉన్నా సరే. విలువ పది రూపాయలు దాటితే, అవును పదే, 1878 నాటి అంకె అలాగే ఉండిపోయింది, దొరికినవాడు వీలైనంత త్వరగా కలెక్టర్‌కి రాతపూర్వకంగా చెప్పాలి. ఏం దొరికింది, ఎంత, ఎక్కడ, ఏ తేదీన అన్నది రాసి, వస్తువుల్ని దగ్గర్లోని ప్రభుత్వ ట్రెజరీలో జమ చేయాలి లేదా వాటికి జామీను ఇవ్వాలి. చెప్పకపోతే వాటా పోతుంది, ఏడాది దాకా జైలు కూడా పడొచ్చు. రాతి నెర్రెలో పెట్టి రాళ్లు అడ్డం పెట్టినది నేలలో దాచినట్టా కాదా అని కోర్టులో గంటసేపు వాదించుకోవచ్చు, కానీ ఆ వాదన మీ కేసులో జరగాలని మీరు కోరుకోరు. ఉత్తరం పెట్టేయడమే తేలిక.

వాటా ఎంత అని అడిగేవాళ్లు ఎలాగూ ఉంటారు కాబట్టి చెబుతున్నాను. కలెక్టర్ ప్రకటన ఇచ్చి, హక్కుదారులు రావడానికి కనీసం నాలుగు నెలల గడువిచ్చి, విచారణలో సొంతదారు లేడని తేల్చితే, స్థలం యజమానితో వేరే ఒప్పందం లేనప్పుడు దొరికినవాడికి ముప్పాతిక, స్థలం యజమానికి పాతిక. వందేళ్ల లోపు దాచినదని, దాచిన మనిషి తరఫు వాళ్లు వచ్చారని అనిపిస్తే కలెక్టర్ వాళ్లకి సివిల్ కోర్టుకి వెళ్లే టైమిస్తారు. మీ డబ్బా విషయంలో ఆ ముప్పాతిక మీద ఆశ పెట్టుకోకండి. చీటీ ఉంది, తాడు ఉంది, సొంతదారు ఎక్కడో ఉంది.

వెండి రూపాయల మీద సంవత్సరం చూడండి. వందేళ్లు దాటిన నాణెం 1972 నాటి పురావస్తువుల చట్టం నిర్వచనంలోకి వస్తుంది. నిమ్మకాయ, చింతపండు పెట్టి తోమకండి, పాత నాణేలు కొంటామని ఫోన్‌లో వచ్చే వాళ్లకి ఫొటోలు పంపకండి.

చేయాల్సిన పని ఈరోజే చేయండి. తెల్లకాగితం మీద జరిగింది జరిగినట్టు రాయండి, పది రోజులు ఎందుకు ఆగారో కూడా. భయపడి ఆగాను అని నిజం రాస్తే నష్టం లేదు, అందంగా కథ అల్లితేనే నష్టం. యాప్‌లో ఆ రోజు మీరు తెరిచిన పాయింట్ స్క్రీన్‌షాట్, ఫోన్‌లో ఆ కొండ మీద తీసుకున్న ఫొటోలు ఉంటే అవి జత చేయండి, మీరు అక్కడికి ఎందుకెళ్లారో అంతకంటే బాగా చెప్పే సాక్ష్యం లేదు. చీటీ వెనక మీవాడు రాసిన పేరు, తేదీ చెరపొద్దు, చింపొద్దు. అది మీకు అనుకూలం, దొంగసొత్తు దాచుకునేవాడు తేదీ వేసి పేరు రాసుకోడు.

ఊరి పెద్దమనిషి ఒకరిని, వీలైతే ఒక లాయర్ని వెంట పెట్టుకుని ఆ కొండ ఏ స్టేషన్ పరిధిలో ఉందో అక్కడికి వెళ్లండి. ప్రతి వస్తువూ, బరువుతో సహా, మధ్యవర్తుల సమక్షంలో పంచనామాలో రాయించుకోండి, నాణేలైతే సంవత్సరంతో సహా. ఉత్తరం రెండో కాపీ మీద స్టాంపు, తేదీ లేకుండా బయటికి రావద్దు, తర్వాత ఇస్తాం అంటే అక్కడే బల్ల మీద కూర్చోండి. అదే ఉత్తరం ఇంకో కాపీ విజయనగరం కలెక్టరేట్ టపాల్ సెక్షన్‌లో ఇచ్చి రసీదు తీసుకోండి. దొంగసొత్తని అనుమానం ఉన్న వస్తువుని పోలీసులు సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత సెక్షన్ 106 కింద స్వాధీనం చేసుకుని మేజిస్ట్రేట్‌కి తెలియజేస్తారు, సొంతదారు తెలియకపోతే ఆరు నెలల గడువుతో ప్రకటన వస్తుంది. విచారణకి పిలిస్తే వెళ్లండి, పిలవడం అంటే ముద్దాయిని చేయడం కాదు. లాయర్‌కి స్థోమత లేకపోతే జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉంది, ఫోన్ నంబర్ 15100.

ఇంకో మాట, ఈ ఆట ఆడే పిల్లలందరికీ. ఏజెన్సీ నుంచి కిందికి వచ్చే దారుల్లో రాళ్ల చాటున, పొదల్లో దాచేది బంగారమే కాదు. డబ్బాలో గంజాయి ఉంటే ముట్టుకోకుండా వెనక్కి వచ్చి 112కి ఫోన్ చేయండి. మత్తుపదార్థాల మీద ఉన్న ఎన్‌డీపీఎస్ చట్టంలో సరుకు మన చేతిలో దొరికితే, ఎలా వచ్చిందో చెప్పాల్సిన భారం మనమీదే పడుతుంది. శాలిహుండం బౌద్ధ శిథిలాల లాంటి రక్షిత స్థలాల్లో, గుళ్లున్న కొండల మీద సాయంత్రం పూట బండల కింద చేతులు పెట్టి వెతకడం కూడా మానుకోండి. 2020 చివర్లో రామతీర్థం బోడికొండ మీద విగ్రహం ధ్వంసమైన తర్వాత కొండ ఎక్కే కొత్త ముఖాల్ని ఊళ్లోవాళ్లు ఊరికే వదలరు, గుప్తనిధుల కోసం తవ్వేవాళ్లు అనుకుంటే మీ యాప్ చూపించే అవకాశం కూడా ఇవ్వరు. అసలు ఆ ఆట నిబంధనల్లోనే డబ్బా పాతిపెట్టకూడదు, స్థలం యజమాని అనుమతి లేకుండా దాచకూడదు అని ఉంది.

మీ ఫ్రెండ్ బెంగళూరు వెళ్లిపోయి ఉంటే, అతని పేరు, ఫోన్ నంబర్ మీ ఉత్తరంలో రాయండి. చీటీ మీద ఉన్న పేరు అతనిదే కాబట్టి స్టేషన్ నుంచి ఫోన్ ఎలాగూ వెళ్తుంది, ముందే చెప్పి ఉంచితే కంగారు పడి వేరే మాట చెప్పకుండా ఉంటాడు.