గడ్డను బొమ్మ తీసే చదువు: నీట్ ఒక్కటే దారా?

ఒడిశాలోని గుణుపురం నుంచి ఒక తండ్రి ప్రశ్న: "మా అమ్మాయి ప్లస్‌టూ సైన్స్ రెండో ఏడు చదువుతోంది. నానమ్మ తొడలో గడ్డకు ఎంఆర్ఐ తీయించినప్పుడు తోడు వెళ్లింది. అప్పటి నుంచి ఆ పనే చేస్తానంటోంది. నీట్‌లో ర్యాంకు రాకపోతే ఎలా?"

రాకపోయినా దారి ఉందండీ. బొమ్మ తీసేవారు టెక్నాలజిస్టు, దాన్ని చదివి నివేదిక రాసేవారు రేడియాలజిస్టు. రేడియాలజిస్టు కావాలంటే నీట్, ఎంబీబీఎస్ అయిదున్నరేళ్లు, ఆపైన ఎండీ 3 ఏళ్లు. టెక్నాలజిస్టుకు మెడికల్ ఇమేజింగ్‌లో బీఎస్సీ ఉంది.

దీన్ని మీట నొక్కే పని అనుకోకండి. ఎంఆర్ఐలో టీ1, టీ2 అని బొమ్మ తీసే రెండు పద్ధతులుంటాయి. కొవ్వు గడ్డ టీ1 బొమ్మలో తెల్లగా మెరుస్తుంది. కొవ్వు నుంచి వచ్చే సంకేతాన్ని యంత్రంలో అణచి తీస్తే నల్లబడుతుంది. కొల్లాజెన్ అనే పీచు ప్రోటీన్ దట్టంగా ఉన్న పీచు కణజాలం టీ1, టీ2 రెండింటిలోనూ నల్లగానే ఉంటుంది. డెస్మాయిడ్ అనే పీచు గడ్డ దూరపు అవయవాలకు పాకదు గాని, పక్కనున్న కండరంలోకి చొచ్చుకుపోతుంది. దాని అంచు స్పష్టంగా పడకపోతే సర్జన్‌కు ఎక్కడిదాకా కోయాలో తెలియదు. అందుకే చేతికి గడ్డ తగిలిన చోట చర్మంపై చేపనూనె మాత్ర అతికించి తీస్తారు. అది తెల్లచుక్కలా పడి చోటు చూపిస్తుంది.

మీ అమ్మాయికి ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. మీ వైపు సవర మాట్లాడేవాళ్లూ ఎక్కువే, నాలుగు ముక్కలు నేర్చుకోమనండి. ఎంఆర్ఐ యంత్రం బలమైన అయస్కాంతం కాబట్టి, దాని దగ్గరికి పంపేముందు మొలతాడు, తాయెత్తు, మెట్టెలు తీయించాలి. పేస్‌మేకర్ ఉందా, మెదడు ఆపరేషన్‌లో క్లిప్పు వేశారా అని అడగాలి. తెలియని భాషలో అడిగితే భయంతో తల అడ్డంగా ఊపేస్తారు. అక్కడ జరిగే పొరపాటు ప్రాణం మీదికి వస్తుంది.

ఆరు నెలల సర్టిఫికెట్లకు మాత్రం దయచేసి డబ్బు కట్టకండి. ఈ వృత్తులకు 2021లో కేంద్రం చట్టమే చేసింది. గుర్తింపు ఉన్న డిగ్రీయే చూసుకోండి. ఇంట్లో తెలుగు మాట్లాడినంత మాత్రాన ఆంధ్రప్రదేశ్‌లో స్థానిక కోటా రాదు, ఎక్కడ చదివారో చూస్తారు. కాబట్టి ముందు బరంపురం, భువనేశ్వర్ వైపు వాకబు చేయండి. ఏ కాలేజీకి వెళ్లినా ఒకటే అడగండి: సొంత ఎంఆర్ఐ ఉందా, విద్యార్థిని దాని దగ్గర ఎన్ని నెలలు నిలబెడతారు?