ఏడెనిమిదేళ్లు నిలవాల్సిన ఇంటి కంప్యూటర్‌కు ముందు చూడాల్సింది ప్రాసెసర్ కాదు, సాకెట్

మీ అబ్బాయి ఈ ఏడు ఇంజనీరింగ్‌లో చేరుతున్నాడు, ఇంట్లో మీకు ట్యాలీ పని ఉంది, ఒకసారి కొంటే ఏడెనిమిదేళ్లు మళ్లీ దాని జోలికి పోకూడదు అన్నారు. అనంతపురంలో ఒక షాపువాళ్లు ఇంటెల్ 12వ తరం ఐ5, హెచ్610 బోర్డు, డీడీఆర్4 ర్యామ్ రాసిచ్చారు. బెంగళూరు ఎస్‌పీ రోడ్డు షాపులో ఏఎమ్‌డీ కంపెనీ ప్రాసెసర్ రైజెన్ 5 7600, బీ650 బోర్డు, డీడీఆర్5 ర్యామ్ చెప్పారు. రెండోది ఖరీదెక్కువ. ఏది తీసుకోవాలని అడిగారు.

రెండోది తీసుకోండి. వేగం కోసం చెప్పడం లేదు. మీరు చెప్పిన పనులకు 12వ తరం ఐ5 ఈరోజు బ్రహ్మాండంగా సరిపోతుంది, ఆ షాపాయన మిమ్మల్ని మోసం చేయలేదు. కాకపోతే మీరు అడిగింది ఈరోజు సంగతి కాదు, ఏడెనిమిదేళ్ల సంగతి. అంత కాలం నిలవాలంటే ఏ ప్రాసెసర్ కొన్నామన్నదానికంటే, ఏ సాకెట్ (బోర్డు మీద ప్రాసెసర్ కూర్చునే చోటు) ఉన్న బోర్డు కొన్నామన్నది పెద్ద విషయం.

నేను ఇక్కడే ఒక ఇంజనీరింగ్ కాలేజీలో కంప్యూటర్ ల్యాబ్ చూసుకుంటాను. చుట్టాలకీ తెలిసినవాళ్లకీ సిస్టమ్‌లు బిగించి ఇస్తుంటాను. ఇన్నేళ్లలో పాడై నా చేతికొచ్చిన వాటిలో ప్రాసెసర్ దానంతటది చచ్చిపోయింది చాలా అరుదు. పోయేవి ఎస్‌ఎంపీఎస్ (సిస్టమ్‌కు కరెంటు అందించే పెట్టె), హార్డ్ డిస్క్, ఆ తర్వాత మదర్‌బోర్డు. కెపాసిటర్లు ఉబ్బుతాయి, ర్యామ్ స్లాట్ ఒకటి పనిచేయదు, కరెంటు హెచ్చుతగ్గులకు బోర్డు మీద పవర్ భాగం కాలిపోతుంది. ప్రాసెసర్ మాత్రం నిక్షేపంగా ఉంటుంది. అప్పుడు మొదలవుతుంది అసలు తిప్పలు: ఆరేడేళ్ల కిందటి సాకెట్‌కు కొత్త బోర్డు ఎక్కడ దొరుకుతుంది? మంచి కంపెనీలు ఆపేసి ఉంటాయి. దొరికేవి పాత బోర్డులు, లేదంటే పేరూ ఊరూ లేని బోర్డులు. వాటికి వారంటీ అంటే షాపాయన మాటే.

మా బావమరిదికి తాడిపత్రిలో నాపరాళ్ల పాలిష్ యూనిట్ ఉంది. 2017 వేసవిలో ఆఫీసుకని 7వ తరం ఐ5తో సిస్టమ్ కొన్నాడు. ఆ సాకెట్ పేరు ఎల్‌జీఏ 1151. అదే ఏడాది అక్టోబర్‌లో ఇంటెల్ 8వ తరం తెచ్చింది. దాని సాకెట్ పేరూ 1151యే, చూడ్డానికీ అలానే ఉంటుంది, కానీ 300 సిరీస్ బోర్డు ఉంటేనే పనిచేస్తుంది. అంటే తను కొన్న కొన్ని నెలలకే ఆ బోర్డుకు ముందుదారి మూసుకుపోయింది. 2021లో విండోస్ 11 వచ్చినప్పుడు మైక్రోసాఫ్ట్ ఇచ్చిన జాబితాలో ఇంటెల్ వైపు దాదాపు అంతా 8వ తరం నుంచే మొదలు. 7వ తరంలో ఒకటీ అరా తప్ప లేవు. విండోస్ 10కి ఉచిత మద్దతు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది. ఇప్పుడు అతని ప్రాసెసర్ బాగుంది, బోర్డు బాగుంది, ట్యాలీ కూడా నడుస్తోంది. కానీ బ్యాంకు పనీ జీఎస్‌టీ పనీ జరిగే మెషీన్ మీద సెక్యూరిటీ అప్‌డేట్లు లేకుండా ఎంత కాలం నెట్టుకొస్తాడు? 8వ తరం చిప్ ఒక్కటి తెచ్చి వేసుకుందామంటే బోర్డు ఒప్పుకోదు. బోర్డూ ప్రాసెసరూ రెండూ మార్చాల్సిందే.

మా ఇంట్లో కథ వేరు. 2018లో రైజెన్ 5 2600తో బీ450 బోర్డు తీసుకున్నాం. సాకెట్ ఏఎం4. ఏఎమ్‌డీ 2017లో మొదటి రైజెన్‌లు ఆ సాకెట్ మీద తెచ్చింది, 2020 చివర్లో వచ్చిన 5000 సిరీస్ కూడా దానికే. 2022లో 5800ఎక్స్3డీ, 2024లో 5700ఎక్స్3డీ కూడా అదే సాకెట్‌కు వదిలింది. మా అమ్మాయి వీడియో ఎడిటింగ్ మొదలుపెట్టాక ఆరు కోర్ల 2600 తీసేసి ఎనిమిది కోర్ల 5700ఎక్స్ వేశాను. బోర్డు అదే, ర్యామ్ అదే, క్యాబినెట్ అదే, విండోస్ కూడా మళ్లీ ఎక్కించలేదు. పాత చిప్ ఇంకొకరి సిస్టమ్‌లోకి పోయింది, ఇప్పటికీ నడుస్తోంది.

ఆ మార్పిడి ఎలా చేస్తారో కొంచెం వివరంగా చెప్తాను, ఎందుకంటే రేపు మీరూ చేయాల్సి రావచ్చు. పాత ప్రాసెసర్ ఉండగానే బోర్డు కంపెనీ వెబ్‌సైట్ నుంచి కొత్త బయోస్ (బోర్డులోనే ఉండి సిస్టమ్‌ను మొదలుపెట్టే ప్రోగ్రామ్) దించుకుని ఎక్కించాలి. చిప్ మార్చాక చేద్దామంటే తెర మీద ఏమీ రాదు. బయోస్ ఎక్కేటప్పుడు కరెంటు పోతే బోర్డుకే ప్రమాదం కాబట్టి సిస్టమ్ యూపీఎస్ మీద ఉండాలి. తర్వాత ఏఎం4లో ఇంకో చిక్కు ఉంది. పిన్నులు చిప్ కిందే ఉంటాయి, చిప్ మీద పూసే థర్మల్ పేస్ట్ ఎండిపోయి, వేడిని లాగే లోహపు దిమ్మ హీట్‌సింక్‌కు అతుక్కుంటుంది. నేరుగా పైకి లాగితే చిప్‌ను పట్టి ఉంచే సాకెట్ లివర్ మూసి ఉన్నా సరే చిప్ ఊడి హీట్‌సింక్‌తో పాటే వచ్చేస్తుంది, పిన్నులు వంగుతాయి. అందుకని కాసేపు ఏదైనా బరువైన పని నడిపి చిప్ వేడెక్కనిచ్చి, ఆపేసి, స్క్రూలు విప్పి, హీట్‌సింక్‌ను కుడికీ ఎడమకీ మెల్లగా తిప్పాలి. పేస్ట్ పట్టు వదిలినట్టు చేతికి తెలుస్తుంది. అప్పుడు ఎత్తాలి.

మీకు బెంగళూరులో చెప్పిన 7600 సాకెట్ ఏఎం5. ఆ సాకెట్ 2022 సెప్టెంబర్‌లో వచ్చింది. ఇందులో పిన్నులు బోర్డు మీదకు మారాయి కాబట్టి పైన చెప్పిన ఊడిపోయే భయం లేదు. ఇప్పటికే 7000, 8000, 9000 సిరీస్‌లు దీని మీద వచ్చాయి. 2027 దాకా, ఆపైన కూడా ఈ సాకెట్‌ను కొనసాగిస్తామని ఏఎమ్‌డీ 2024లో ప్రకటించింది. ఆ మాట ఎంతవరకు నిలబెట్టుకుంటారన్న దాని మీద మీరు ఆధారపడక్కర్లేదు. ఇప్పటిదాకా వచ్చినవి చాలు. ఇంకో ఐదేళ్లకు మీ అబ్బాయికి బలం చాలకపోతే, ఈరోజు మనకు అందనంత ధర ఉన్న ఎనిమిది, పన్నెండు కోర్ల చిప్‌లు అప్పటికి సెకండ్ హ్యాండ్‌లో అందుబాటుకు వస్తాయి, మీ బోర్డు మీదే కూర్చుంటాయి. జనం ఎక్కువగా కొన్న సాకెట్ కాబట్టి బోర్డు పోయినా ఇంకోటి దొరికే అవకాశం ఎక్కువ.

ఇంటెల్ వైపు మీకు రాసిచ్చిన దాని సాకెట్ ఎల్‌జీఏ 1700. 2021 చివర్లో మొదలై 12, 13, 14 తరాలు దాని మీద నడిచాయి. 2024 అక్టోబర్‌లో కోర్ అల్ట్రా 200 సిరీస్‌తో ఇంటెల్ ఎల్‌జీఏ 1851కి వెళ్లిపోయింది. అంటే 1700 బోర్డు కొంటే పైకి ఎక్కే మెట్లు 13, 14 తరాలే. వాటిలోనూ ఒక జాగ్రత్త ఉంది. ఎక్కువ వోల్టేజీ వల్ల 13, 14 తరాల పెద్ద చిప్‌లు కొన్ని క్రమంగా దెబ్బతిని సిస్టమ్ ఊరికే ఆగిపోతోందని 2024లో బయటపడింది. ఇంటెల్ మైక్రోకోడ్ (చిప్ లోపలి ఆదేశాలు) సవరణలు ఇచ్చింది, ఆ చిప్‌లకు వారంటీ మరో రెండేళ్లు పెంచింది. కొత్త బయోస్ ఎక్కించుకుంటే ఇబ్బంది రాకుండా ఆపవచ్చు గానీ, అప్పటికే దెబ్బతిన్న చిప్‌ను అది బాగుచేయదు. రేపు సెకండ్ హ్యాండ్‌లో ఐ7, ఐ9 కొనేటప్పుడు ఆ చిప్ ఎలాంటి వాడకంలో ఉండి వచ్చిందో మనకు తెలియదు కదా. 12వ తరానికి ఈ గొడవ లేదు.

ఒక్క సందర్భంలో మాత్రం మీ ఊరి షాపు మాటే సరైనది. మీ దగ్గర ఇప్పటికే మంచి డీడీఆర్4 ర్యామ్ ఉంటే. 2025 చివరి నుంచి ర్యామ్ ధరలు విపరీతంగా పెరిగాయి. ఏఐ డేటా సెంటర్లకు మెమరీ చిప్‌లు తరలిపోవడమే ప్రధాన కారణం. ఏఎం5 డీడీఆర్5 తప్ప వేరేది తీసుకోదు, డీడీఆర్4 దాంట్లో దూరనే దూరదు. పాత ర్యామ్ చేతిలో ఉన్నవాళ్లు 12వ తరమో, ఏఎం4 మీద రైజెన్ 5000 సిరీసో తీసుకుని నాలుగైదేళ్లు గడుపుకోవడం తెలివైన పనే. మీరు అన్నీ కొత్తగా కొంటున్నారు కాబట్టి ఆగిపోతున్న డీడీఆర్4 మీద డబ్బు పెట్టొద్దు. ఇప్పుడు 16 జీబీ ఒకే స్టిక్ తీసుకోండి, ధర దిగినప్పుడు అలాంటిదే ఇంకోటి వేసుకోండి. 8 జీబీలు రెండు కొంటే వేగం ఇప్పుడు కొంచెం మెరుగే, కానీ తర్వాత పెంచుకోవాలంటే అవి పక్కన పడేయాలి, లేదా నాలుగు స్టిక్‌లు చేయాలి. డీడీఆర్5లో నాలుగు స్టిక్‌లు వేస్తే వేగం తగ్గిపోతుంది.

బోర్డు సంగతి. బీ650 అని చిప్‌సెట్ (బోర్డు తరగతి) పేరు చూసి ఆగిపోవద్దు, ఆ పేరుతో చాలా రకాలు ఉన్నాయి. సాకెట్ పక్కన పవర్ భాగం మీద మందపాటి హీట్‌సింక్‌లు ఉన్నది తీసుకోండి. రేపు పెద్ద చిప్ వేస్తే భారం మోసేది ఆ భాగమే. ఎస్‌ఎస్‌డీ పెట్టే ఎం.2 స్లాట్లు కనీసం రెండు ఉండాలి. వెనకవైపు బయోస్ ఫ్లాష్‌బ్యాక్ బటన్ ఉన్నది దొరికితే వదలొద్దు. ప్రాసెసర్ లేకుండానే పెన్‌డ్రైవ్‌తో బయోస్ ఎక్కించే సౌకర్యం అది. తప్పుడు బయోస్‌తో చచ్చినట్టు పడున్న బోర్డును మళ్లీ లేపుతుంది. ఏ620 బోర్డు చవకే, కానీ మీ కాలపరిమితికి నేను సిఫార్సు చేయను. ఎక్స్ సిరీస్ బోర్డులు మీకు అక్కర్లేదు, ఆ డబ్బు ఎస్‌ఎంపీఎస్ మీద పెట్టండి. నేనైతే 80 ప్లస్ ముద్రతో (కరెంటు వృథా తక్కువన్న గుర్తు) పాటు ఐదేళ్లకు తక్కువ కాని వారంటీ ఉన్నదే చూస్తాను. క్యాబినెట్‌తో ఉచితంగా వచ్చే ఎస్‌ఎంపీఎస్ బోర్డుల ప్రాణాలు తీయడం ల్యాబ్‌లో చూసీ చూసీ విసిగిపోయాను.

మన ఎండల గురించి బెంగళూరువాళ్లు చెప్పరు. గది వేడి ఎన్ని డిగ్రీలు పెరిగితే చిప్ వేడీ దాదాపు అన్ని డిగ్రీలు పెరుగుతుంది. ఏప్రిల్, మే నెలల్లో బయట 42 దాటితే, ఏసీ లేని మేడమీద గదిలో సిస్టమ్ పరిస్థితి ఆలోచించండి. అందుకే 105 వాట్లు, 125 వాట్ల చిప్‌ల కంటే 65 వాట్లది మనకు మేలు. 7600 ఆ తరగతిదే, పెట్టెలో ఫ్యాన్ కూడా వస్తుంది. అది పూర్తి భారం మీద కూడా సుమారు 88 వాట్ల దగ్గర ఆగుతుంది. వేసవిలో ఇంకా తగ్గించాలంటే బయోస్‌లో కరెంటు వాడకం తగ్గించే ఎకో మోడ్ ఉంది. ఆషాఢం గాలికి ఎర్రమన్ను ఇంట్లోకి ఎలా కొడుతుందో మీకు చెప్పక్కర్లేదు. ముందువైపు జాలీ ఫిల్టర్ ఊడదీసి కడుక్కునేలా ఉన్న క్యాబినెట్ చూడండి, నేల మీద కాకుండా స్టూలు మీద పెట్టండి. తాడిపత్రి ఆఫీసులో ఫిల్టర్ లేని క్యాబినెట్ తెరిస్తే హీట్‌సింక్ రేకుల మధ్య రాతిపొడి సిమెంటులా గట్టిపడి ఉండేది, బ్రష్‌కు రాలేదు, వెదురుపుల్లతో గీకాల్సి వచ్చింది.

కొనేటప్పుడు ప్రాసెసర్ సీలు వేసిన పెట్టెలోదే అడగండి. ట్రే ప్రాసెసర్ అని విడిగా ఇచ్చేవి కొంత తక్కువకు వస్తాయి, కానీ వాటికి ఇచ్చేది సాధారణంగా షాపు వారంటీయే, కంపెనీ మూడేళ్ల వారంటీ కాదు. పేరు చివర ఎఫ్ అక్షరం ఉన్న చిప్‌లు, 7500ఎఫ్ లాంటివి, డిస్‌ప్లే ఇవ్వవు, విడిగా గ్రాఫిక్స్ కార్డు కావాలి. 7600లో డిస్‌ప్లేకు సరిపడా గ్రాఫిక్స్ ఉన్నాయి. బోర్డు, ఎస్‌ఎంపీఎస్, ర్యామ్ సీరియల్ నంబర్లు బిల్లు మీద రాయించుకోండి. సాకెట్ మీద వచ్చే నల్లటి ప్లాస్టిక్ మూత పారేయొద్దు, బోర్డు వారంటీకి పంపేటప్పుడు అది లేకపోతే పిన్నులు వంగాయన్న సాకుతో తిప్పి పంపుతారు.

బెంగళూరు నుంచి తెచ్చి మొదటిసారి ఆన్ చేసినప్పుడు కొన్ని నిమిషాలపాటు తెర మీద ఏమీ రాకపోవచ్చు. ఫ్యాన్లు తిరుగుతుంటాయి, తెర నల్లగా ఉంటుంది. ఏఎం5 బోర్డు మొదట ర్యామ్‌ను సరిచూసుకుంటూ ఉంటుంది. పాడైందనుకుని మధ్యలో స్విచ్ ఆపొద్దు, పది నిమిషాలైనా ఆగండి. అప్పటికీ రాకపోతే ర్యామ్ తీసి మళ్లీ గట్టిగా నొక్కి చూడండి. అయినా రాకపోతే బోర్డు మోడల్ పేరు రాసి, బోర్డు మీద వెలుగుతున్న చిన్న లైటు దగ్గర ఏమి ముద్రించి ఉందో ఇక్కడే చెప్పండి, చూసి చెప్తాను.